నడుము కింది నిశ్శబ్దం

ఉద్యోగం మానేశాక మధ్యాహ్నాలు పెద్దవయ్యాయి. భోంచేసి, కిటికీ రెక్కలు దగ్గరకు వేసి, కూలరు ముందు నడుం వాలిస్తే రాయ్‌పూర్ ఎండ సందులోంచి తెల్లటి గీతలా వచ్చి నేల మీద పడుకుంటుంది. నేను నిద్రపోయానో లేదో నాకే తెలియని ఆ వేళ, వార్డు కనిపిస్తుంది. మంచాల చివర దుప్పట్లలోంచి బయటికొచ్చిన ఆడవాళ్ళ పాదాలు మెల్లగా లేచి, నేలకి జానెడెత్తున తేలుతూ వరండా పొడవునా పోతుంటాయి. చప్పుడుండదు. ఎవరూ ఎవరినీ పిలవరు. మా ఆయనకి చెబితే, "మధ్యాహ్నం పప్పు తగ్గించు" అన్నారు.

నేను స్త్రీల డాక్టర్ని. మాది విజయనగరం వైపు. నాన్న రైల్వేలో పనిచేయడం వల్ల ఇక్కడి కాలనీలోనే పుట్టి పెరిగాను. ఇక్కడే చదివాను. ఈ ఊళ్ళోనే ఒక పెద్దాసుపత్రిలో పనిచేసి, యాభై దాటిన కొన్నాళ్ళకి నా అంతట నేనే మానేశాను. నా చేతులు మంచివనీ, నోరు మంచిది కాదనీ పేరు. మానేసిన రోజు పెట్టిన వీడ్కోలు టీలో కొందరి ముఖాలు మరీ అంత వెలగకుండా ఉంటే బాగుండేది.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు కొందరు "మీ అనుభవాలు రాయండి మేడం" అన్నారు. ఎన్ని కాన్పులు చేశానో, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారానో రాయను. అవి ఎవరివైనా ఒకేలా ఉంటాయి. ఒక్క మనిషి గురించి రాస్తాను. నాకు తెలిసిన వైద్యంలో సగం ఆమె దగ్గరే తెలిసింది.

ఎవరి కేసు?

తల్లి కడుపులో పడిన మొదటి నెలలోనే బిడ్డ వెన్ను, వెన్నుపాము చుట్టూ గూడు కట్టుకుని మూసుకుంటుంది. కొందరికి మూసుకోదు. దాన్ని స్పైనా బిఫిడా అంటాం. పుట్టగానే వీపు మీద నీటి తిత్తి ఉంటుంది. ఆపరేషన్ చేసి మూస్తారు. కానీ ఆ చోటు కింద నరాలు జీవితమంతా కొంత మాట్లాడతాయి, కొంత మాట్లాడవు. కాళ్ళలో బలం తక్కువ. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మూత్రం నిండిందీ తెలియదు, దానంతట అది సరిగ్గా పోదు.

మేం చదువుకున్నప్పుడు ఇది పిల్లల జబ్బు. పరీక్షలో కూడా పిల్లల పేపర్లోనే వచ్చేది. ఆ పిల్ల పెద్దదవుతుందని పుస్తకం రాసినవాడికి తట్టినట్టు లేదు. పెద్దయ్యాక పిల్లల వార్డు "ఇక మా దగ్గరికి రాకండి" అంటుంది. పెద్దల వార్డు "ఇది పిల్లల కేసు కదా" అంటుంది. ఎముకలాయన కాళ్ళే చూస్తాడు, మూత్రపిండాలాయన మూత్రపిండాలే చూస్తాడు. ఈ ముక్కలన్నీ కలిపితే ఒక ఆడమనిషి అవుతుందనీ, ఆమెకి నెలసరి వస్తుందనీ, మనసు పడుతుందనీ, బిడ్డ కావాలనుకుంటుందనీ, ఒకనాటికి ముసలిదవుతుందనీ మాకెవరూ చెప్పలేదు.

"ఆ సంచి తీసేయండి"

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. ఒక ఉదయం అప్పలనరసమ్మ తన కూతుర్ని చంకనేసుకుని నా గదిలోకి వచ్చింది. శ్రీకాకుళం మనిషి. భర్త రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో పని. కూతురికి పద్నాలుగేళ్ళు, పేరు నీలవేణి. ఇంట్లో నీలు. పద్నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకున్న తల్లిని మీరెప్పుడైనా చూశారా? ఒక చెట్టు ఇంకో చెట్టుని మోస్తున్నట్టుంటుంది.

పిల్లని కుర్చీలో దింపి అంది: "డాక్టరమ్మ గోరూ, దీనికి నెలనెలా వత్తోంది. మూత్రానికీ నానే, దొడ్డికీ నానే, ఇప్పుడిదొకటి. ఎన్నాళ్ళని ఎత్తి కడగను? దీనికేటి పెళ్ళా, పిల్లలా? ఆ సంచి తీసేయండి. పున్నెముంటాది."

నీలు కిటికీలోంచి చూస్తూనే అంది: "అమ్మా, నా కాళ్ళు పనిచేయవు గానీ చెవులు పనిచేస్తాయి."

"నీ నోరు కూడా పనిచేత్తాదిలే" అంది తల్లి.

అప్పుడు నా పైన ఉన్న పెద్ద మేడం ఇక్కడి మనిషే. ఆవిడ కుట్టు వేస్తే మల్లెమొగ్గలు గుచ్చినట్టుండేది. ఆవిడకున్న లోపం ఒక్కటే. తన జాలిని తాను నమ్మేది. ఆ తల్లి ఏడుపు చూసి, వచ్చే వారమే ఆపరేషన్ అనేసింది. నేను ఆవిడ గదికి వెళ్ళాను. టీ తాగుతోంది.

"పద్నాలుగేళ్ళ పిల్లకి గర్భసంచి తీస్తారా మేడం?"

"ఆ పిల్లకి దాంతో పనేముంది?"

"మీకు మీదాంతో పనేముంది? పిల్లలిద్దరూ కాలేజీకొచ్చారు. ముందు మీది తీయించుకోండి."

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

"ఇంకో మాటంటే నిన్ను బస్తర్ అడవుల్లోకి పంపిస్తాను" అంది.

"పంపండి. అక్కడా ఆడవాళ్ళుంటారు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో కోపం పోలేదు. "సరే. వానలు తగ్గేదాకా సమయమిస్తున్నా. ఈలోపు ఆ తల్లి బరువు నువ్వు దించు. దించలేకపోతే మాత్రం ఈ గదికొచ్చి ఉపన్యాసాలివ్వకు."

ఆవిడతో నేను ఏళ్ళ తరబడి పోట్లాడాను గానీ, ఆ మాట ఆవిడే గెలిచింది. న్యాయం నా వైపుంటే చాలదు. అప్పలనరసమ్మ నడుంనొప్పి నిజం. ఆ నొప్పి తగ్గించే దారి చూపకుండా హక్కుల గురించి మాట్లాడే డాక్టరుని నేను డాక్టరనను.

ఆ వానాకాలం

ఆ ఏడు వానలు ముసురుపట్టాయి. వార్డు పక్క చిన్న గది. కిటికీ బయట రేకు మీద చినుకులు. లోపల ట్యూబులైటు వెలుతురులో అంతా నీళ్ళ అడుగున జరుగుతున్నట్టుండేది. ఆ గదిలో నీలూకి సన్నటి గొట్టంతో తన మూత్రం తానే తీసుకోవడం నేర్పాను. మొదట అద్దం పెట్టుకుని, తర్వాత వేలితో తడిమి, ఆ తర్వాత కిటికీ వైపు చూస్తూ కబుర్లు చెబుతూ.

"ఆంటీ, ఇది దర్జీ పని. సూదిలో దారం ఎక్కించడమే" అంది ఒకరోజు.

"సూది చెడితే పారేస్తారు. మూత్రపిండాలు చెడితే ఏం చేస్తావు? చేతులు కడుక్కో."

"మీరు మీ ఇంట్లో కూడా ఇలాగే అరుస్తారా?"

"ఇంట్లో ఇంకా గట్టిగా."

మొదటి రోజు చేతొడుగులు వేసుకుని ముట్టుకోగానే ఆ పిల్ల చర్మం దద్దురులెక్కి, పెదవులు వాచాయి. పుట్టినరోజున బుడగ ఊదినా ఇంతేనని తల్లి చెప్పింది. చిన్నప్పటి నుంచి ఆపరేషన్ల మీద ఆపరేషన్లలో రబ్బరు తగిలి తగిలి, ఈ జబ్బున్న చాలామంది ఒంటికి రబ్బరు పడదు. ఒక్కోసారి ఊపిరే ఆగిపోవచ్చు. కాబట్టి వీళ్ళు వచ్చినప్పుడు రబ్బరు లేని చేతొడుగులు, రబ్బరు లేని గొట్టాలు. స్టోర్‌లో లేవంటే తెప్పించే దాకా అరవండి. నోరు చెడ్డదని పేరొస్తే రానివ్వండి, ఆ పేరుతో నేను బాగానే బతికాను.

ఇంకొన్ని చెప్పాలి. మన పరీక్ష బల్ల ఎక్కగలిగిన ఆడవాళ్ళ కోసమే చేశారు. ఎక్కలేనివాళ్ళని ఇద్దరు పట్టి బస్తాలా పైకెత్తడం వైద్యం కాదు. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి కూడా పరీక్ష చేయొచ్చు. పెళ్ళి కాలేదనో, కుర్చీబండిలో వచ్చిందనో గర్భాశయ ముఖద్వారం పరీక్ష, రొమ్ము పరీక్ష ఎగ్గొట్టకండి. క్యాన్సర్ కుర్చీబండి చూసి వెనక్కి పోదు. మూత్రసంచి చప్పుడు చేయకుండా నిండి, వెనక్కి తన్ని, మూత్రపిండాలని తినేస్తుంది. అందుకే ఏటా స్కానింగు, రక్తపరీక్ష, బతికున్నన్నాళ్ళూ. రోజూ స్నానమయ్యాక అద్దంలో పిరుదులు, మడమలు చూసుకోవాలి. అక్కడ పుండు పడితే నొప్పి వచ్చి చెప్పదు.

వానలు తగ్గేసరికి నీలు తన మూత్రం తాను తీసుకుంటోంది, తన గుడ్డలు తాను మార్చుకుంటోంది. కాళ్ళకి పట్టీలు బిగించుకుని, కర్రల మీద వరండా చివరిదాకా పోయి వస్తోంది. ఒకరోజు బయటికొచ్చి చూస్తే అప్పలనరసమ్మ బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని నిద్రపోతోంది. చల్లగాలికి చెంగు కదులుతోంది. లేపాను. కళ్ళు నులుముకుని కంగారుగా చూసింది. "ఏటైంది? నా గుంటేది? నానేటి సేయాలిప్పుడు?"

"ఏం చేయక్కర్లేదు. కూర్చో" అన్నాను. కూర్చోవడం ఆమెకి చేతకాలేదు. లేచి, ఎవరో పేషెంటు గిన్నెలు తీసుకెళ్ళి కడిగింది.

ఆపరేషన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అడగడానికి వచ్చిన ప్రశ్న

నీలు బీకాం చదివింది. శంకర్ నగర్‌లో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వెనక పక్క చక్రాలు పెట్టించిన స్కూటీ మీద తిరిగేది. ఏటా స్కానింగుకి వచ్చి, నాతో ఒకసారి పోట్లాడి వెళ్ళేది. ఇరవై అయిదో ఆరో వచ్చాక ఒక శీతాకాలపు మధ్యాహ్నం, స్కానింగు రోజు కాకపోయినా వచ్చింది. తలుపు వేయమంది.

"ఒకటడుగుతాను ఆంటీ. నవ్వకూడదు."

"నేను నవ్వడం నువ్వెప్పుడు చూశావే?"

ఆఫీసులో సంతోష్ అని ఉన్నాడట. పక్కనున్న ఆరంగ్ ఊరివాడు. మాటలు తక్కువ. ఆమెకి టీ తెచ్చిపెడతాడు గానీ, ఆమె సంచి మాత్రం అడక్కుండా మోయడట. ఆ రెండో సంగతికే ఆమె పడిపోయింది.

"చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. మెడ దగ్గర ఊపిరి తగిలితే తెలుస్తుంది" అంది. "కిందకొచ్చేసరికి, పొద్దున్నే పొగమంచు పట్టిన ఖారూన్ నదిలా ఉంటుంది ఆంటీ. నీళ్ళున్నాయని తెలుస్తుంది. అవతలి ఒడ్డు కనపడదు. పెళ్ళి చేసుకుంటే అతనికి అన్యాయం చేసినట్టా?"

"నీ గురించి అడగడానికి వచ్చి అతని వకాల్తా పుచ్చుకున్నావేం?"

"సరే. మరి నాకు? నాకేమైనా తెలుస్తుందా?"

మేడంలారా, ఈ ప్రశ్న మీ దగ్గరికి వస్తుంది. చాలామంది డాక్టర్లు ఇక్కడ చీటీ రాయడం మొదలుపెడతారు. నేను కలం పక్కన పెట్టి, నాకు తెలిసిందే చెప్పాను.

"కొంత తెలుస్తుంది, కొంత తెలియదు. ఎక్కడ ఎంతో నాకు తెలియదు, ఏ పుస్తకమూ చెప్పదు. నీ ఒంట్లో ఎక్కడ వెలుతురుందో నువ్వే వెతుక్కోవాలి. అతనికి చూపించాలి. తొందరేం లేదు. కలవబోయే ముందు మూత్రం తీసుకో. రబ్బరు కండోమ్‌లు నీకు పడవు, వేరేవి దొరుకుతాయి. పిల్లలు కావాలనుకుంటే, కడుపొచ్చాక కాదు, దానికి కనీసం మూడు నెలల ముందే నా దగ్గరికి రా. నీకు మామూలు ఫోలిక్ మాత్ర చాలదు, పెద్ద డోసు రాయాలి. బిడ్డ వెన్ను మూసుకునేది నీకు నెల తప్పిందని తెలిసేలోపే."

"అంటే నేను కనొచ్చా?"

"కనొచ్చు. సులువని చెప్పను."

ఆమె వెళ్ళిపోయాక స్కూటీ చప్పుడు చాలా దూరం వినిపించింది. ఆ సాయంత్రం ఇంకెవరినీ తిట్టలేదని నర్సులు చెప్పారు.

తెలీబంధా గట్టు

పెళ్ళయింది. ఏడాది తిరిగాక మాత్రలు మొదలుపెట్టింది, తర్వాత కొన్నాళ్ళకి నెల తప్పింది. మూత్రపిండాల డాక్టరు నా ముందే ఆమెతో "ఎవరు చెప్పారమ్మా నిన్ను ఈ సాహసం చేయమని?" అన్నాడు. "ఎవరూ చెప్పలేదండీ, అందరూ వద్దన్నారు" అంది నీలు. ఆయన మంచివాడే. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వచ్చేది. పొట్ట పెరిగేకొద్దీ కాళ్ళ పట్టీలు బిగించడం కుదరక కుర్చీబండిలోకి మారింది. ఆమె మాత్రం ఏదో లోకంలో ఉండేది. "నడుస్తున్నప్పుడు నేల గురించే ఆలోచించేదాన్ని ఆంటీ. ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. తేలుతున్నట్టుంది" అనేది. కడుపు గట్టిపడి వదలడం ఆమెకి తెలిసేది. ఆ కబురు నడుం పైనుంచి వస్తుంది. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దూరంగా పోతున్న రైలు వింటున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం తెలీబంధా చెరువు గట్టు మీద పెద్ద మేడం కనిపించింది. రిటైరైపోయింది, చేతికర్ర వచ్చింది. నీళ్ళ మీద దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.

"ఆ రైల్వే పిల్ల ఏమైంది? నన్ను ముందు నా గర్భసంచి తీయించుకోమన్నావే, ఆ పిల్ల."

"ఏడో నెల."

ఆవిడ నీళ్ళ వైపే చూసింది. "ఆ రోజు నా మాట విని ఉంటే ఇవాళ నీకీ భయం ఉండేది కాదు."

"ఉండేది కాదు. ఆమెకీ ఏమీ ఉండేది కాదు."

"ఇంకా అలాగే మాట్లాడుతున్నావు." కర్రతో నేల మీద గీత గీసింది. "విను. వెన్నులో మత్తు ఇవ్వనీయకు, ఆ వెన్ను మామూలుది కాదు. పూర్తి మత్తు. కోత పెట్టకముందే మూత్రసంచి సర్జన్ గదిలో ఉండాలి. ఫోన్లో ఉంటే లాభం లేదు, గదిలో ఉండాలి. పాత ఆపరేషన్లకి లోపల ఏది ఎక్కడ అతుక్కుందో దేవుడికి తెలియదు."

ఆవిడ చెప్పినట్టే చేశాను. సర్జన్‌ని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కోసి చూస్తే మూత్రసంచి ఉండాల్సిన చోట లేదు, గర్భసంచి మీదికి పాకి ఉంది. ఆయన లేచి వచ్చి దారి చేశాడు. ఆడపిల్ల. వెన్ను మీద వేలు పైనుంచి కిందిదాకా జార్చాను. నున్నగా, మూసుకుని ఉంది. ఎప్పటికీ అక్కడే వేలు పెట్టుకుని నిలబడిపోవాలనిపించింది. మత్తు డాక్టరు "మేడం, కుట్లు" అని గుర్తుచేశాడు.

ఆరంగ్

తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాలి. కానీ అప్పలనరసమ్మ క్వార్టరు మేడ మీద, మెట్లు ఇరుకు. సంతోష్‌వాళ్ళది ఆరంగ్‌లో నేల మీది ఇల్లు, వెడల్పు గుమ్మం. కుర్చీబండి తిరుగుతుంది. అందుకని బాలింత అత్తారింటికి వెళ్ళింది, ఆమె తల్లి వెంట వెళ్ళింది. సంతోష్ తల్లి ఫూల్‌బాయి ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడదు. అప్పలనరసమ్మ హిందీ అప్పలనరసమ్మకే అర్థమవుతుంది. వాళ్ళిద్దరికీ దేంట్లోనూ పొత్తు కుదరలేదని ఫోన్లో తెలిసేది. ఒకరు కారప్పొడి అన్నం పెట్టమంటే ఒకరు బెల్లం, శొంఠి వేసిన మూలికల నీళ్ళు తాగమంటారు. ఒకరు తలకి గుడ్డ కట్టమంటే ఒకరు చెవుల్లో దూది పెట్టమంటారు. "మధ్యలో నేను రెండూ తింటున్నా ఆంటీ, రెండూ కట్టుకుంటున్నా" అని నవ్వింది నీలు.

కుట్లు చూద్దామని ఒక ఆదివారం పొద్దున బయల్దేరాను. చలి. పొలాల్లో వరి కోసేసిన దుబ్బుల మీద మంచు ఇంకా లేవలేదు. ఆ ఇంటి వాకిట్లో వాము కాలుతున్న వాసన వేసింది. లోపలి గది నిండా పలచని పొగ. కిటికీలోంచి వస్తున్న ఎండలో ఆ పొగ ఊగుతోంది. నులక మంచం మీద నీలు పక్కకి తిరిగి నిద్రపోతోంది. ఆమె రొమ్ము దగ్గర పసిది. అటొకరు ఇటొకరు అమ్మలిద్దరూ. అందరూ ఒకే కలలో ఉన్నట్టున్నారు. నా చెప్పుల చప్పుడు కూడా నాకు వినపడలేదు.

అప్పుడు మంచం కిందికి చూశాను. నీలు నడుం కింద, సరిగ్గా పిరుదుల దగ్గర, గోర్సీ ఉంది. ఇక్కడివాళ్ళు నిప్పులు పోసుకునే మట్టి కుంపటి. నిండా ఎర్రటి బొగ్గులు.

ఈడ్చి అవతల పెట్టాను. నీలు చీర జరిపి చూశాను. మంచానికి ఆనిన వైపు, పిరుదు దగ్గర అరచెయ్యంత మేర ఎర్రగా కంది ఉంది. వేలు పెట్టి నొక్కి తీస్తే ఎరుపు పోలేదు. చర్మం ఇంకా చిట్లలేదు.

"ఎవరు పెట్టారు ఈ నిప్పు?"

"మేమే" అన్నారిద్దరూ, ఒకరు ఛత్తీస్‌గఢీలో, ఒకరు తెలుగులో. వాళ్ళు ఒక మాట మీద ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

ఫూల్‌బాయి ముఖం వెలిగిపోతోంది. "డాక్టర్ దీదీ, మా పెద్దకోడలికి సేంక్ పెడితే పిడికెడు బొగ్గులకే 'బస్, బస్' అని కేకలు పెట్టింది. ఈ పిల్ల చూడు, ఒక్కసారి బస్ అనలేదు! వాడంతా చెప్పాను, మా చిన్నకోడలి ఓపిక ఇంకెవరికీ లేదని. ఇవాళ ఇంకో రెండు బొగ్గులు వేశాను."

సేంక్ అంటే కాపడం, ఆ ఇళ్ళలో దానికి కొలత బాలింత నోరే. 'బస్', అంటే చాలు, అనేదాకా వేడి పెడతారు. నీలు చాలు అనలేదు. అనడానికి అక్కడ ఆమెకేమీ తెలియలేదు. వాళ్ళకి అది సహనంలా కనిపించింది.

అప్పలనరసమ్మ వైపు తిరిగాను. "ఆవిడకి తెలియదు. నీకేమైంది? పుట్టినప్పటినుంచీ మోశావు కదా! దీనికి కింద తెలియదని నీకు తెలీదూ?"

ఆమె పమిట కొంగు వేలికి చుట్టుకుంది. "తెలుసమ్మా. కాన్పయితే ఆడదాని ఒళ్ళు మళ్ళీ పుడతాదంటారు కదేటి. ఈ వేడికైనా ఆ కాళ్ళు మేలుకుంటాయేమోనని..." ఆగింది. "రోజూ సూత్తన్నానమ్మా. బొటనేలు కదిలినట్టే ఉంటాది."

నీలు కళ్ళు తెరిచింది. అంతా విన్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. చెప్పాల్సింది చెప్పాను, మెత్తగా చెప్పలేదు. అక్కడ చర్మం చిట్లితే పుండు ఎముక దాకా పోతుంది. నెలల తరబడి కూర్చోకూడదు. కుర్చీబండి ఉండదు, పిల్లని ఒళ్ళో వేసుకోవడం ఉండదు. చీము రక్తంలో కలిస్తే పిల్లకి తల్లే ఉండదు. "గోర్సీ తీసుకెళ్ళి వాకిట్లో పారబోయండి."

ఫూల్‌బాయి కదల్లేదు. "పారబోయను. బాలింతకి సేంక్ లేకపోతే ఒళ్ళంతా వాతం పడుతుంది. మా అత్త నాకు పెట్టింది. నేను పెద్దకోడలికి పెట్టాను. దీనికి పెట్టకపోతే నేను దీన్ని కోడలనుకోలేదని కాదా?"

నేను ఇంకో మాటకి నోరు తెరిచాను. నీలు చెయ్యెత్తింది.

"ఆంటీ, మీరు ఆగండి." తల్లి వైపు చూసింది. "అమ్మా, నా కాళ్ళు నిద్రపోవట్లేదమ్మా, నువ్వు లేపడానికి. అవి అంతే. నేనిలాగే పుట్టాను. ఈ పిల్లకి నేనిలాగే అమ్మని. నువ్వింక ఆ బొటనేలు చూడకు."

అప్పలనరసమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

నీలు అత్త చెయ్యి పట్టుకుంది. "మాఁ, గోర్సీ పారబోయొద్దు. ఇటు, తల వైపు తీసుకురండి. మంచం కింద కాదు, దూరంగా. చేతులు కాచుకుని నా భుజాలకి, వీపు పైకి సేంక్ పెట్టండి. ఇక్కడ నాకు తెలుస్తుంది. ఇక్కడైతే నేను చెప్పగలను."

ఫూల్‌బాయి నా వైపు చూసింది. నేను కుంపటి ఎంత దూరంలో పెట్టాలో చూపించి, ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, ఆ రోజు దానంతట అదే వచ్చింది. నీలూని రెండో పక్కకి ఒత్తిగిల్చి, కందిన చోటు దేనికీ తగలకుండా దిండ్లు సర్దాను. ఆ ఎరుపు కొన్నాళ్ళకి దిగిపోయింది, చర్మం చిట్లలేదు. అయితే ఆ గంటకి ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

ఫూల్‌బాయి నేల మీద కూర్చుని, అరచేతులు నిప్పు మీద చాచి, వేడెక్కాక కోడలి భుజాల మీద ఒత్తింది. మళ్ళీ చాచింది, మళ్ళీ ఒత్తింది. బొగ్గుల మీద ఇంకాస్త వాము చల్లింది. పొగ లేచి ఎండలో కలిసింది. పసిది నిద్రలో చప్పరిస్తోంది. నీలు కళ్ళు అరమోడ్చింది. ఆ గదిలో వేడి ఒక చేతి నుంచి ఒక ఒంట్లోకి, ఆ ఒంట్లోంచి ఇంకో చిన్న ఒంట్లోకి వెళ్ళడం నాకు కనపడుతున్నట్టే ఉంది.

ఈసారి ఫూల్‌బాయి చేతుల్ని నిప్పు మీద ఎక్కువసేపు ఉంచింది.

"బస్, మాఁ!" భుజం వెనక్కి లాక్కుంది నీలు. "కాలుతోంది."

ఫూల్‌బాయి ఉలిక్కిపడి చేతులు తీసేసింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అప్పలనరసమ్మ గబగబా వచ్చి, కూతురి భుజం మీద చెయ్యి పెట్టి తడిమింది. "కాలిందేటే? నిజంగా కాలిందా?"

"కాలిందమ్మా. చాలా కాలింది."

అప్పలనరసమ్మ వియ్యపురాలి వైపు తిరిగింది. తనకొచ్చిన హిందీ అంతా మర్చిపోయి, తెలుగులోనే, వీధి వీధంతా వినపడేలా అంది: "విన్నావా వొదినా? మా గుంటకి కాలిందంట!"